గోరుపై నల్లని గీతా? భయం వద్దు.. ఉపేక్ష అసలే వద్దు

* అధిక శాతం గీతలు హానిచేయనివే
* కొత్తగా, ఒకే గోటికి వచ్చి, వెడల్పవుతుంటే మాత్రం పరీక్ష తప్పనిసరి
* దెబ్బ అనుకుని, పిప్పిగోరు అనుకుని చేసే జాప్యమే అసలు ప్రమాదం

పలాస: చేతి గోటి మీదో, కాలి బొటనవేలి గోటి మీదో మొదలు నుంచి కొస వరకు సన్నని నల్లగీత కనిపించడం మన ప్రాంతంలో అరుదైన విషయమేమీ కాదు. జీడిపిక్కలు ఒలిచే మహిళలకు అది జీడి మరకగా, వరినాట్లు వేసేవారికి బురద వల్ల వచ్చిన పిప్పిగోరుగా, రాయి తగిలినవారికి గడ్డకట్టిన నెత్తురుగా తోస్తుంది. చాలాసార్లు ఆ ఊహ నిజమే అవుతుంది. ఎప్పుడో ఒకసారి మాత్రం అది గోటి వేరు వద్ద మొదలైన క్యాన్సర్‌కు తొలి గుర్తు కావచ్చు. ఆ ఒక్క గీతను మిగిలినవాటి నుంచి వేరుచేసి గుర్తించడం ఎలాగో తెలుసుకుంటే అనవసరమైన భయమూ పోతుంది, ప్రమాదకరమైన నిర్లక్ష్యమూ తప్పుతుంది.

గోరు ఎలా పుడుతుంది?

గీతను అర్థం చేసుకోవాలంటే ముందు గోరు పుట్టుకను తెలుసుకోవాలి. పైకి కనిపించే గోరు నిర్జీవమైన పలక వంటిది. అందుకే కత్తిరించినా నొప్పి ఉండదు. దానిని తయారుచేసే సజీవ భాగం గోటి మొదట్లో, చర్మపు మడత కింద దాగి ఉంటుంది. దీనినే గోటి వేరు అనుకోవచ్చు. బొటనవేలి గోటి అడుగున తెల్లగా నెలవంకలా కనిపించేది ఆ వేరులో కొంత భాగమే.

చర్మానికి రంగునిచ్చే మెలనిన్ అనే పదార్థాన్ని తయారుచేసే కణాలు ఈ వేరులోనూ ఉంటాయి. సాధారణంగా అవి నిద్రాణంగా ఉండటం వల్ల గోరు రంగు లేకుండా పెరుగుతుంది. ఏ కారణం చేతనైనా ఒకచోట ఉన్న కణాలు మేల్కొంటే, ఆ చోటు నుంచి ముందుకు సాగే గోటిలో రంగు కలుస్తూ పోతుంది. తడి గోడకు ఒకచోట రంగు అంటుకుంటే కిందికి చార సాగినట్లే, గోటి మీద నిలువుగా గీత ఏర్పడుతుంది. అంటే గీత కనిపించేది గోటి మీదే అయినా, దాని కారణం ఉన్నది చర్మపు మడత కింద. గోటిని ఎంత గీకినా, ఎంత కత్తిరించినా ఈ గీత పోకపోవడానికి ఇదే కారణం.

చేతిగోరు నెలకు సుమారు 3 మిల్లీమీటర్లు పెరుగుతుంది. కాలిగోరు 1 నుంచి 1.5 మిల్లీమీటర్లు మాత్రమే పెరుగుతుంది. చేతిగోరు పూర్తిగా మారడానికి ఆరు నెలలు, కాలి బొటనవేలి గోరు మారడానికి ఏడాది నుంచి ఏడాదిన్నర పడుతుంది. ఈ లెక్క గుర్తుంచుకుంటే ముందు చెప్పబోయే పరీక్షలు తేలికగా అర్థమవుతాయి.

మన ఛాయలో కొంత సహజమే

చామనఛాయ, నలుపు రంగు శరీరం గలవారిలో గోళ్లపై నిలువు గీతలు రావడం సాధారణం. వయసుతోపాటు వీటి సంఖ్యా పెరుగుతుంది. ఆఫ్రికా సంతతి నల్లజాతీయులలో 50 ఏళ్లు దాటేసరికి దాదాపు అందరికీ ఏదో ఒక గోటిపై ఇవి కనిపిస్తాయి. జపాన్ దేశీయులలో 10 నుంచి 20 శాతం మందికి ఉంటాయని వైద్య గ్రంథాలు చెబుతున్నాయి. భారతీయులలోనూ ఇవి తరచుగా కనిపించేవే.

ఇటువంటి సహజమైన గీతలకు కొన్ని లక్షణాలు ఉంటాయి. ఒక్క గోటికి పరిమితం కాకుండా పలు గోళ్లకు ఉంటాయి. సన్నగా, అంచులు తీర్చినట్లుగా, గీత పొడవునా ఒకే రంగులో ఉంటాయి. ఏళ్లు గడిచినా పెద్దగా మారవు. ఇలాంటి గీతల విషయంలో ఆందోళన చెందనవసరం లేదు. అయితే చిక్కు కూడా ఇక్కడే ఉంది. గీతలు సర్వసాధారణం కాబట్టే, వాటి మధ్య కొత్తగా వచ్చిన ప్రమాదకరమైన గీతను కూడా 'ఇది మామూలే' అని వదిలేసే అవకాశం మనలో ఎక్కువ.

మరకా? గీతా?

ముందుగా తేల్చుకోవలసింది రంగు బయటి నుంచి అంటిందా, లోపలి నుంచి వచ్చిందా అన్నది. పలాస, కాశీబుగ్గ పరిసరాల్లో జీడిపిక్కలు ఒలిచేవారి వేళ్లకు జీడి రసం అంటుకుని చర్మం, గోళ్లు నల్లబడటం అందరికీ తెలిసినదే. పొగాకు ఆకు కోసేవారికి, తలకు రంగు వేసేవారికి, పుండ్లు కడిగే పర్మాంగనేట్ నీటిని వాడేవారికి కూడా గోళ్లు రంగు మారతాయి. ఆషాఢంలో పెట్టుకున్న గోరింటాకు చర్మం మీద పోయినా గోటి మీద నెలల తరబడి నిలుస్తుంది.

బయటి మరకలకు ఒక గుర్తు ఉంది. ఆ పని మానిన తరువాత కొద్ది వారాలకు గోటి మొదట్లో, చర్మపు మడత ఆకారంలోనే వంపు తిరిగిన శుభ్రమైన గోరు బయటకు వస్తుంది. మరక ముందుకు జరిగిపోతుంది. పైపైన గీకితే కొంత పోతుంది కూడా. లోపలి నుంచి వచ్చే గీత అలా జరగదు. అది ఎప్పుడు చూసినా గోటి మొదలును అంటిపెట్టుకునే ఉంటుంది.

దెబ్బ తగిలి నల్లబడితే..

తలుపు సందులో వేలు నలిగినా, కాలికి రాయి తగిలినా గోటి కింద నెత్తురు చేరి తొలుత ఎర్రగా, తరువాత నల్లగా మారుతుంది. ఇది సాధారణంగా గీతలా కాక మచ్చలా ఉంటుంది. బిగుతైన బూట్లు వేసుకుని పరుగు తీసేవారికి, పోలీసు, సైనిక ఉద్యోగాల కోసం సాధన చేసే యువకులకు దెబ్బ తగిలినట్లు గుర్తు లేకపోయినా కాలిగోళ్లు ఇలా నల్లబడవచ్చు.

నెత్తురేనని ఇంటివద్ద నిర్ధారించుకోవడానికి తేలికైన మార్గం కాలమే. మచ్చ కింది అంచుకు, గోటి మొదలుకు మధ్య ఎంత దూరం ఉందో చూసుకుని, పక్కన కొలబద్ద పెట్టి సెల్‌ఫోన్‌లో ఫొటో తీసి ఉంచుకోవాలి. నెల తరువాత అదే వెలుతురులో మరో ఫొటో తీయాలి. చేతి గోటిపై మచ్చ సుమారు 3 మిల్లీమీటర్లు, కాలి గోటిపై సుమారు ఒక మిల్లీమీటరు ముందుకు జరిగి, వెనుక తెల్లని గోరు కనిపిస్తే అది గడ్డకట్టిన నెత్తురు. జరగకుండా ఉన్నచోటే ఉన్నా, దెబ్బ లేకుండా మళ్లీ మళ్లీ నెత్తురు చేరుతున్నా వైద్యుని సంప్రదించాలి. దెబ్బ తగిలిన వేలికి వేరే జబ్బు ఉండకూడదన్న నియమమేమీ లేదు. ఒక్కోసారి దెబ్బ తగిలినందువల్లే అంతకుముందు నుంచి ఉన్న గీత మన కంట పడుతుంది.

గోటి కొసకు దగ్గరగా ముల్లు గుచ్చుకున్నట్లు సన్నని ఎరుపు, గోధుమ రంగు చారలు ఉండటం మరో రకం. ఇవి ఎక్కువగా చిన్న చిన్న దెబ్బల వల్ల వస్తాయి. అయితే జ్వరంతో పాటు ఒకేసారి పలు గోళ్లపై ఇవి కనిపిస్తే, ముఖ్యంగా గుండె కవాటాల జబ్బు ఉన్నవారు, వెంటనే వైద్యునికి చూపించుకోవాలి. గుండె లోపలి పొరకు ఇన్‌ఫెక్షన్ సోకినప్పుడు కూడా ఇలాంటి చారలు వస్తాయి.

పిప్పిగోరు, గోరుచుట్టు

రోజంతా తడిలో పనిచేసేవారికి, చేపలు, రొయ్యలు శుద్ధి చేసేవారికి, హోటళ్లలో గిన్నెలు తోమేవారికి గోటి చుట్టూ చర్మం ఒరుసుకుపోయి సూక్ష్మజీవులు చేరతాయి. శిలీంధ్రం సోకితే గోరు మందమై, పెళుసుబారి, కింద పొడి రాలుతుంది. కొన్ని రకాల శిలీంధ్రాలు నలుపు రంగును కూడా పుట్టిస్తాయి. ఒక జాతి బ్యాక్టీరియా చేరితే గోరు నలుపు కలిసిన ఆకుపచ్చ రంగుకు మారుతుంది.

శిలీంధ్రం అవునో కాదో తేల్చడానికి గోటి ముక్కను కత్తిరించి ప్రయోగశాలలో చూస్తే చాలు. ఈ చిన్న పరీక్ష లేకుండానే నెలల తరబడి పూతమందులు రాయడం, మాత్రలు మింగడం మన పల్లెల్లో పరిపాటి. మందు వాడుతున్నా గీత తగ్గకపోగా వెడల్పవుతుంటే రోగనిర్ధారణే తప్పేమోనని అనుమానించాలి.

శరీరం లోపలి కారణాలు

కొన్ని సందర్భాల్లో గోళ్లు శరీర స్థితిని కూడా సూచిస్తాయి. గర్భిణులకు కొత్త గీతలు రావచ్చు. కాన్పు తరువాత ఇవి తగ్గిపోయే అవకాశం ఉంది. విటమిన్ బి12 లోపించినవారికి గోళ్లతో పాటు వేళ్ల కణుపులు కూడా నల్లబడతాయి. నాలుక మంట, నీరసం, కాళ్ల తిమ్మిర్లు తోడవుతాయి. ఈ విటమిన్ పాలు, గుడ్లు, చేపలు, మాంసంలో మాత్రమే సహజంగా లభిస్తుంది. లోపాన్ని సరిచేస్తే నలుపు క్రమంగా తగ్గుతుంది.

కొన్ని మందుల వల్ల కూడా గీతలు వస్తాయి. సికిల్ సెల్ వ్యాధికి వాడే హైడ్రాక్సీయూరియా, హెచ్‌ఐవీకి వాడే జిడోవుడిన్, క్యాన్సర్ చికిత్సలో ఇచ్చే కొన్ని మందులు ఈ కోవలోనివి. గీత కనిపించిందని ఈ మందులను సొంతంగా మానివేయరాదు. మందు రాసిన వైద్యునికి తెలియజేస్తే సరిపోతుంది. గోళ్లతో పాటు చిగుళ్లు, అరచేతి గీతలు నల్లబడుతూ, బరువు తగ్గుతూ, రక్తపోటు పడిపోతుంటే మూత్రపిండాలపై ఉండే ఎడ్రినల్ గ్రంథుల లోపాన్ని అనుమానించాలి. దీనిని అడిసన్స్ వ్యాధి అంటారు.

ఉద్దానం వాసులు గమనించవలసిన మరో గుర్తు ఉంది. దీర్ఘకాలిక మూత్రపిండ వ్యాధి ఉన్నవారిలో కొందరికి గోరు అడ్డంగా రెండు భాగాలుగా కనిపిస్తుంది. మొదలు వైపు సగం తెల్లగా, కొస వైపు సగం గోధుమ రంగులో ఉంటుంది. ఇది నిలువు గీత కాదు. దీనిని చూసి మాత్రమే మూత్రపిండాల జబ్బు అని నిర్ణయించలేం, ఇది లేనంత మాత్రాన జబ్బు లేదనీ చెప్పలేం. అనుమానం ఉంటే రక్తంలో క్రియాటినిన్, మూత్ర పరీక్ష చేయించుకోవాలి. పలాసలో 2023 డిసెంబరులో 200 పడకల ఆసుపత్రితో కిడ్నీ పరిశోధన కేంద్రం ప్రారంభమైన విషయం తెలిసిందే.

ప్రమాద సంకేతాలు ఇవీ

మెలనిన్ తయారుచేసే కణాలు అదుపు తప్పి పెరిగితే వచ్చే క్యాన్సర్‌ను మెలనోమా అంటారు. శరీరం మీది మెలనోమా తెల్లవారిలో ఎక్కువ, మనలో చాలా అరుదు. కానీ నల్లని, చామనఛాయ శరీరం గలవారికి ఈ క్యాన్సర్ వచ్చినప్పుడు అది ఎండ తగలని అరికాలు, అరచెయ్యి, గోటి కింద రావడమే ఎక్కువ. ఎండతో దీనికి సంబంధం లేదు కాబట్టి నీడపట్టున ఉండేవారికి రాదనుకోవడానికి వీల్లేదు.

ప్రమాదకర గీతను గుర్తించడానికి 2000 సంవత్సరంలో వైద్యులు ఆరు అంశాల సూత్రాన్ని ప్రతిపాదించారు. దాని సారాంశం ఇది.

1. వయసు: ఈ క్యాన్సర్ 50 నుంచి 70 ఏళ్ల మధ్య ఎక్కువగా కనిపిస్తుంది. ఆ వయసులో కొత్తగా వచ్చిన గీతను తేలికగా తీసుకోరాదు.

2. గీత తీరు: వెడల్పు 3 మిల్లీమీటర్లు, అంతకు మించి ఉండటం, అంచులు చెదిరినట్లు ఉండటం, ఒకే గీతలో గోధుమ, నలుపు ఛాయలు కలగలిసి ఉండటం.

3. మార్పు: కొద్ది నెలల్లోనే వెడల్పు కావడం, రంగు ముదరడం, గోరు చీలడం, పలచబడటం. చికిత్స చేసినా గోరు మెరుగుపడకపోవడం కూడా ఇందులోకే వస్తుంది.

4. ఏ వేలు: చేతి బొటనవేలు, కాలి బొటనవేలు, చూపుడు వేలు ఎక్కువగా దీని బారిన పడతాయి. పలు గోళ్లకు ఉన్న గీతల కంటే ఒకే గోటికి ఉన్న గీత ఎక్కువ అనుమానించదగినది.

5. చర్మానికి పాకడం: గోటి నలుపు మొదట్లోని చర్మపు మడతకు గానీ, పక్కలకు గానీ, కొస కింది చర్మానికి గానీ పాకడం. ఆంగ్ల శస్త్రవైద్యుడు జొనాథన్ హచిన్సన్ 1886లోనే దీనిని వర్ణించినందున ఆయన పేరుతోనే ఈ సంకేతాన్ని పిలుస్తారు. అన్నింటిలోకి దీనిని ముఖ్యమైనదిగా పరిగణిస్తారు.

6. కుటుంబ చరిత్ర: తమకు గానీ, రక్త సంబంధీకులకు గానీ గతంలో మెలనోమా వచ్చి ఉండటం.

వీటికి తోడు ఇంటివద్దే చూసుకోదగిన మరో గుర్తు ఉంది. చేతిగోటి కొస భాగం ఆరు నెలల కిందట తయారైనది. మొదలు భాగం ఈ నెలలో తయారైనది. కాబట్టి గీత కొస వద్ద సన్నగా, మొదలు వద్ద వెడల్పుగా ఉందంటే ఆరు నెలల్లో అది ఎంత పెరిగిందో గోరే లెక్క చూపుతున్నదన్న మాట. ఇలాంటి గీత కనిపిస్తే నెల నెలా ఫొటోలు తీస్తూ కూర్చోక వెంటనే వైద్యుని వద్దకు వెళ్లాలి.

కొన్ని మెలనోమాలలో నలుపే ఉండదు. గోటి కింద ఎర్రని కండ పెరగడం, మానని పుండు, తరచూ నెత్తురు కారడం మాత్రమే కనిపిస్తాయి. వారాలు గడిచినా మానని గోరుచుట్టును కూడా అందుకే పరీక్ష చేయించాలి.

ఒక గాయకుని ఉదంతం

జమైకా దేశపు ప్రఖ్యాత గాయకుడు బాబ్ మార్లే జీవితం ఈ విషయంలో ప్రపంచానికి తెలిసిన ఉదాహరణ. ఫుట్‌బాల్ అంటే ఆయనకు ప్రాణం. కుడికాలి బొటనవేలికి అయిన పుండును తొలుత ఆటలో తగిలిన దెబ్బగానే భావించారు. 1977లో అది గోటి కింద పుట్టిన మెలనోమా అని తేలింది. వేలు తొలగించాలన్న వైద్యుల సూచనకు ఆయన అంగీకరించలేదు. గోటి భాగాన్ని మాత్రం తొలగించారు. తరువాత వ్యాధి శరీరమంతా పాకి 1981 మే 11న మయామిలో కన్నుమూశారు. అప్పటికి ఆయన వయసు 36 ఏళ్లు మాత్రమే. వయసు యాభై దాటలేదని, దెబ్బ తగిలిందని నిశ్చింతగా ఉండరాదని ఈ ఉదంతం చెబుతోంది.

పిల్లల్లో అయితే..

పిల్లల గోళ్లపై వచ్చే నల్లగీతలు చాలావరకు పుట్టుమచ్చల వంటివి. అవి వెడల్పుగా, ముదురు రంగులో కనిపించినా పిల్లల్లో క్యాన్సర్ అత్యంత అరుదు. కొన్ని గీతలు పెరిగేకొద్దీ వాటంతట అవే మాసిపోతాయి. ఒకసారి చర్మ వైద్యునికి చూపించి, ఆయన చెప్పిన గడువు ప్రకారం గమనిస్తూ ఉంటే సాధారణంగా సరిపోతుంది. తల్లిదండ్రులు బెంబేలెత్తి గోరు తీయించవలసిన అవసరం లేదు.

ఎవరికి చూపించాలి? ఏం చేస్తారు?

గోరు కూడా చర్మంలో భాగమే. అందువల్ల చర్మవ్యాధుల నిపుణులను సంప్రదించాలి. శ్రీకాకుళంలోని ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి, విశాఖలోని కింగ్ జార్జ్ ఆసుపత్రి వంటి బోధనాసుపత్రుల్లో చర్మవ్యాధుల విభాగాలు ఉంటాయి. క్యాన్సర్ నిర్ధారణ అయితే విశాఖ సమీపాన అగనంపూడిలోని హోమీ బాబా క్యాన్సర్ ఆసుపత్రి మనకు దగ్గరగా ఉంది.

వైద్యులు మొదట ఇరవై గోళ్లనూ, చిగుళ్లనూ చూస్తారు. చేసే వృత్తి, వాడే మందులు, గీత వచ్చిన కాలం అడుగుతారు. డెర్మోస్కోప్ అనే చిన్న భూతద్దం వంటి పరికరంతో గీతలోని రేఖలను పరిశీలిస్తారు. దీనికి నొప్పి ఉండదు. అనుమానం తీరకపోతే వేలికి మత్తు సూది ఇచ్చి గోటి వేరు నుంచి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపుతారు. ముక్క తీసినచోట తరువాత గోరు కాస్త పలచబడటం, చీలడం జరగవచ్చు. ముక్క తీస్తే జబ్బు పాకుతుందన్న భయంతో కొందరు వెనుకాడతారు. అది అపోహ. ఈ జబ్బు పాకేది పరీక్ష వల్ల కాదు, ఆలస్యం వల్ల.

తొలిదశలో గుర్తిస్తే గోటి భాగాన్ని మాత్రమే తొలగించి, చర్మం అతికించి వేలిని కాపాడే అవకాశం ఉంటుంది. లోతుకు దిగిన తరువాత వేలిలో కొంత భాగాన్ని తీసివేయవలసి వస్తుంది. చంకల్లో, గజ్జల్లో గ్రంథులకు పాకితే చికిత్స మరింత కష్టతరమవుతుంది.

ఇవి చేయరాదు

* గీత పోవాలని నల్లజీడి రసం, సున్నం, ఆమ్లం వంటివి పూయరాదు. వేలు కాలిపోవడమే గాక అసలు రూపం మరుగునపడి వైద్యునికి గుర్తించడం కష్టమవుతుంది.
* గోళ్లరంగు వేసి దాచరాదు. ఆసుపత్రికి వెళ్లే ముందు చేతులు, కాళ్ల గోళ్లరంగు పూర్తిగా తుడిచివేయాలి. గోరింటాకు కూడా పెట్టుకోకపోవడం మంచిది.
* స్థానికంగా గోరు పీకించుకోరాదు. గోరు ఊడినా వేరులోని జబ్బు అలాగే ఉంటుంది. ఏ కారణంతోనైనా గోరు తీయవలసి వస్తే, తీసిన భాగాన్ని పరీక్షకు పంపమని అడగాలి.
* నొప్పి లేదు కదా అని ఊరుకోరాదు. తొలిదశలో గోటి మెలనోమాకు సాధారణంగా నొప్పి ఉండదు.

నెలకోసారి గోళ్లు కత్తిరించుకునేటప్పుడు ఇరవై వేళ్లనూ వెలుతురులో పరికించి చూడటానికి రెండు నిమిషాలు చాలు. కంటిచూపు మందగించిన వృద్ధుల కాలిగోళ్లను ఇంట్లోని పిల్లలు చూడాలి. ఎన్నాళ్లుగానో ఉండి, పలు గోళ్లకు ఒకే తీరున ఉన్న సన్నని గీతలతో పేచీ లేదు. కొత్తగా వచ్చినది, ఒక్క గోటికే ఉన్నది, మారుతున్నది.. ఈ మూడు లక్షణాలూ కలిసిన గీతకు మాత్రం గడువు ఇవ్వరాదు. గోరుచుట్టు మీద రోకటిపోటు అన్న సామెత మనకుంది. గోటితో పోయేదానిని వేలి దాకా, వేలితో పోయేదానిని ప్రాణం దాకా తెచ్చుకోకుండా ఉండటం మన చేతిలోనే ఉంది.